ఆటల పేజీలో అందచందాలు

మన తెలుగు దినపత్రికలలో ఆటల పేజీ చదివే అలవాటున్నవారికి 'భామ' అనే మాట కొత్తది కాదు. టెన్నిస్ ఆడితే టెన్నిస్ భామ, రష్యా నుంచి వస్తే రష్యా భామ, గెలిస్తే మెరిసిన భామ, ఓడితే కంటతడి పెట్టిన భామ. పారిజాతం కోసం అలిగిన సత్యభామకు కూడా ఇన్ని విశేషణాలు దక్కలేదనుకుంటాను. మగ ఆటగాణ్ణి మాత్రం 'టెన్నిస్ మన్మథుడు' అని పెద్ద అక్షరాలలో వేయగా నేను ఇంతవరకు చూడలేదు.

2004 జూలైలో వింబుల్డన్ చివరి పందెంలో పదిహేడేళ్ళ మరియా షరపోవా, సెరెనా విలియమ్స్‌ను 6-1, 6-4 తేడాతో ఓడించింది. ఆ తరువాత ఎన్నో ఏళ్ళపాటు ఈ ఇద్దరి పేర్లూ మన పత్రికలలో కనిపిస్తూనే వచ్చాయి. షరపోవా పేరు ముందు 'అందాల భామ' అని ఉండేది. సెరెనా పేరు ముందు 'నల్లకలువ' అని ఉండేది.

ఈ 'నల్లకలువ'ను గురించి కొంచెం ఆగి ఆలోచించాలి. మన భాషలో కలువ తక్కువ పువ్వు కాదు. కన్నులను కలువలతో పోల్చిన కవులున్న దేశం, నీలమేఘశ్యాముణ్ణి పూజించే దేశం మనది. కాబట్టి ఆ మాట మొదట పెట్టినవారెవరో గాని వారికి దురుద్దేశం ఉండి ఉండదు. ముద్దుగానే పెట్టి ఉంటారు. మరి షరపోవాను తెల్లకలువ అని ఎవరూ ఎందుకు అనలేదు? ఆమె తెలుపు చెప్పవలసిన సంగతిగా వారికి తోచలేదు. సెరెనా నలుపు తోచింది. 23 గ్రాండ్ స్లామ్ సింగిల్స్ టైటిళ్ళు గెలిచిన మనిషిని, ప్రత్యర్థికి బంతి కనిపించేలోపల దాటిపోయే సర్వీసు గల మనిషిని, మన పత్రికలు ముందుగా రంగుతో పిలిచి, ఆ తరువాత ఆట చెప్పాయి.

మగవారి దేహాన్ని వర్ణించరా అంటే, వర్ణిస్తారు. వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తి నాయుడు గారి పేరు వినని పెద్దలు మన వైపు ఉండరు. రాయగడ నుంచి పార్వతీపురం మీదుగా వెళితే వీరఘట్టం ఎంతో దూరం కాదు. ఆయన 1942లో కన్నుమూసింది కూడా మన ఒడిశాలోని బలంగీరులోనే. రొమ్ముకు ఇనుపగొలుసు చుట్టుకుని, ఊపిరి బిగించి దానిని తెంచేవారట. ఏనుగును రొమ్ము మీదకు ఎక్కించుకునేవారట. తెలుగువారు ఆయనను కలియుగ భీముడన్నారు. ఇంగ్లీషువారు ఇండియన్ హెర్క్యులీస్ అన్నారు. ఈ రెండు బిరుదులూ ఆ దేహాన్ని చూసి ఇచ్చినవే. అయినా ఈ రెంటిలో ఆయన రంగు లేదు, ముక్కు తీరు లేదు, పెళ్ళికి పనికివస్తాడా రాడా అన్న విచారం లేదు. ఆ దేహం ఏమి చేయగలదో అదొక్కటే ఉంది.

కర్నల్ సి. కె. నాయుడు గారి సంగతీ అంతే. 1895లో నాగపూరులో, అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబంలో ఆయన పుట్టారు. మనలాగే పరాయి భాషవారి మధ్య పెరిగిన మనిషి. 1926లో బొంబాయిలో గిల్లిగన్ నాయకత్వాన వచ్చిన ఇంగ్లీషు జట్టు మీద 153 పరుగులు తీశారు. అందులో 11 సిక్సర్లు. 1932లో లార్డ్స్ మైదానంలో భారతదేశపు మొదటి టెస్టు జట్టును నడిపించారు. ఆయన పొడుగును, నిటారుగా నడిచే నడకను గురించి వ్రాయనివారు లేరు. కాని ఆ పొడుగు బంతిని మైదానం దాటించడానికి ఎలా పనికివచ్చిందో ఆ పక్కనే ఉంటుంది.

ఇక శ్రీమతి కరణం మల్లేశ్వరి సంగతి చూడండి. ఆమెది శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట. 2000 సెప్టెంబరు 19న సిడ్నీలో 69 కిలోల తరగతిలో ఒకసారి 110, రెండవసారి 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కంచు పతకం తెచ్చింది. ఒలింపిక్సులో ఆడవారికి బరువులెత్తే పోటీ పెట్టడం అదే మొదలు. భారత స్త్రీకి ఒలింపిక్ పతకం రావడం కూడా అదే మొదలు. అయితే ఆమె సిడ్నీకి బయలుదేరబోయే ముందు కొన్ని పత్రికలలో ఆమెను గురించి వ్రాసినదేమిటి? లావయిపోయిందని. తిండి యావ పెరిగిందని. ఆమె రోజులు చెల్లిపోయాయని.

ఆ వ్రాసినవారికి ఆ ఆట లెక్క తెలియదనే అనుకోవాలి. బరువులెత్తే పోటీలో దేహం బరువు అందచందాల లెక్క కాదు, తరగతి లెక్క. 1994లోను 1995లోను ఆమె 54 కిలోల తరగతిలో ప్రపంచ విజేత. ఆ తరువాత బరువు పెంచుకుని పై తరగతులకు వెళ్ళింది. పై తరగతికి వెళితే ఎదుటివారూ బలవంతులే, ఎత్తవలసిన బరువూ ఎక్కువే. పోటీకి ముందు ప్రతి మనిషినీ త్రాసు మీద నిలబెట్టి తూస్తారు; 69 దాటితే ఆ తరగతిలో ఆడనివ్వరు. ఆమె లావో సన్నమో తేల్చడానికి అక్కడ త్రాసు ఉంది. పత్రికలో శీర్షిక నడిపేవారు ఆ పని పైన వేసుకోనక్కరలేదు. బంగారు పతకం తీసుకున్న చైనా వనిత లిన్ వైనింగ్ ఎత్తినది 242.5 కిలోలు. అంటే తేడా రెండున్నర కిలోలు, మన ఇళ్ళలో వారానికి తెచ్చుకునే ఉల్లిపాయలంత. పతకం రాగానే తెలుగింటి ఆడపడుచు అనీ, ఉక్కుమహిళ అనీ వ్రాశారు. ముందు వ్రాసినదాని ఊసు ఎత్తలేదు.

సానియా మీర్జా విషయంలో 2005వ సంవత్సరమంతా ముక్కుపుడకతోనూ గౌను పొడవుతోనూ గడిచిపోయింది. ఆ ఫిబ్రవరిలోనే హైదరాబాదులో డబ్ల్యు.టి.ఏ. సింగిల్స్ టైటిలు గెలిచి, అలా గెలిచిన మొదటి భారత వనిత అయింది. ఆ సెప్టెంబరులో అమెరికా ఓపెన్‌లో నాలుగవ రౌండు దాకా పోయింది. ఆమె కుడిచేతి వాటం దెబ్బను గురించి ఒక వాక్యం ఉంటే, బట్టలను గురించి నాలుగు ఉండేవి. చిన్నతనంలో తనతో 'ఎండలో ఆడి నల్లబడితే నిన్నెవరు చేసుకుంటారు' అన్నవారున్నారని ఆమే తరువాత చెప్పింది.

ఈ మాట మనకు కొత్తా? మా వీధిలోనే ఒక పిల్ల ఖోఖో బాగా ఆడుతుంది. వాళ్ళ పెద్దమ్మ సెలవులకు వచ్చినప్పుడల్లా 'ఎండన పడి మాడిపోతున్నావే, రేపు సంబంధాలు ఎలా వస్తాయే' అంటుంది. పెద్దమ్మను నేను తప్పు పట్టను. ఆమె విన్నది ఆమె చెబుతోంది. కాని ఆ మాటే నలుగురు చదివే పత్రికలో అచ్చయితే దానికి బలం వస్తుంది.

మనలాంటి కుటుంబాలలో ఈ విషయానికి ఇంకొక ముఖం ఉంది. కోరాపుట్, జయపురం, రాయగడ, గుణుపురం ఊళ్ళలో తెలుగువారు 1936లో ఒరిస్సా వేరు రాష్ట్రం కాకముందు నుంచీ ఉన్నారు. మన పిల్లలకు బడిలో ఒడియా, ఇంగ్లీషు, హిందీ. తెలుగు ఇంటి భాష. అక్షరాలు నేర్పాలంటే ఎదురుగా ఉన్నది తెలుగు దినపత్రికే. కూడబలుక్కుని చదివే పిల్లకు చిన్న అక్షరాల వార్తలు అందవు; ఆటల పేజీలో బొమ్మ, దాని మీద పెద్ద అక్షరాలు, ఇవే అందుతాయి. అలా చదువుతూ ఒక పదేళ్ళ పిల్ల నన్ను, 'భామ అంటే ఏమిటి బాబాయ్?' అని అడిగింది. 'ఆడమనిషి' అన్నాను. 'ఆడమనిషని మగవాళ్ళకి తెలీదా, బొమ్మ ఉందిగా?' అంది.

నిజానికి మన భాషలో ఒక చిక్కుంది. ఆటగాడు అంటే గౌరవం. దానికి స్త్రీలింగం చెప్పబోయి ఆటకత్తె అంటే అర్థం ఎటో పోతుంది. అందుకని క్రీడాకారిణి అనే సంస్కృతపు మాట తెచ్చుకున్నాం. అది పొడుగుమాట, పత్రికలో శీర్షిక పట్టే చోటు చిన్నది. 'భామ' రెండక్షరాలు. ఈ ఇబ్బంది నాకు అర్థమవుతుంది. అయితే ఒడియా పత్రికలవారు ఇటువంటి చోట 'ఒడియా ఝిఅ' అని వ్రాస్తారు. ఝిఅ అంటే కూతురు, ఆడపిల్ల. అది కూడా చిన్న మాటే. చదివితే ఇంటి పిల్లను పిలిచినట్టుంటుంది గాని ఎగాదిగా చూసినట్టుండదు. మనకు మాత్రం 'అమ్మాయి' లేదా?

ఒడియావారి పేజీలలో అంతా సవ్యమని కాదు. సుందర్‌గఢ్ జిల్లా నుంచి హాకీకి ఎందరు వచ్చారో మీకు తెలుసు. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్సులో మన ఆడపిల్లల జట్టు నాలుగవ స్థానంలో నిలిచినప్పుడు అందులో ఆ జిల్లా పిల్ల దీప్ గ్రేస్ ఎక్కా ఉంది. ఇలాంటివారిని గురించి వ్రాసేటప్పుడు తెలుగైనా ఒడియా అయినా ఇంగ్లీషు అయినా 'అడవి బిడ్డ', 'పుట్టుకతో వచ్చిన కండబలం', 'సిగ్గరి గిరిజన బాలిక' వంటి మాటలు వచ్చిపడతాయి. పుట్టుకతో వచ్చిందని ఒక్కమాట అనేస్తే, రూర్కెలా దగ్గర పాన్‌పోష్ క్రీడా వసతిగృహంలో తెల్లవారకముందే లేచి ఏళ్ళ తరబడి కర్ర పట్టి సాధన చేసిన పిల్లల శ్రమ ఏమయిపోవాలి? కొండల మధ్య పరజా, గదబ, కంధ జనంతో కలిసి బతుకుతున్నవాళ్ళం మనం. కొండమీద పుట్టినంతమాత్రాన హాకీ రాదని మనకు తెలుసు.

ఇది మన దేశపు జబ్బే అనుకోనక్కరలేదు. 2013లో వింబుల్డన్ గెలిచిన ఫ్రాన్సు వనిత మరియన్ బార్తోలిని గురించి ఇంగ్లండు రేడియో వ్యాఖ్యాత ఒకాయన, ఆమె ఎన్నటికీ చూడచక్కనిది కాబోదని అర్థం వచ్చే మాట ప్రసారంలోనే అన్నాడు. తరువాత క్షమాపణ చెప్పుకున్నాడు. ఐర్లండులో కేటీ టేలర్ అనే ఆమె బాక్సింగులో 2012 లండన్ ఒలింపిక్సు బంగారు పతకం గెలిచింది. అంతకు కొద్దికాలం ముందు ఆ ఆట పెద్దలకు ఒక ఆలోచన వచ్చింది: తలకు కవచం పెట్టుకుంటే ఆడో మగో తెలియడం లేదు గనుక ఆడవారు పొట్టి గౌన్లు తొడుక్కుంటే బాగుంటుందని. కేటీ టేలర్ తాను తొడగనని తెగేసి చెప్పింది. ఆ నియమం తప్పనిసరి కాకుండానే పోయింది.

బాక్సింగు అనగానే మన నిజామాబాదు అమ్మాయి నిఖత్ జరీన్ గుర్తుకు వస్తుంది. 2022లో ఇస్తాంబుల్‌లోను, 2023లో ఢిల్లీలోను ప్రపంచ విజేత. కొత్తలో ఒకనాడు దెబ్బలు తిని కమిలిన ముఖంతో ఇంటికి వస్తే, తల్లి ఇక ఈ పిల్లను ఎవరు చేసుకుంటారని భయపడిందట. పేరు వస్తే పెళ్ళికొడుకులే వరుస కడతారని కూతురు జవాబు చెప్పిందట. ఈ కథను మన శీర్షికా రచయితలు ఎన్నిసార్లు వ్రాశారో లెక్కలేదు. చక్కని కథే, కాదనను. తల్లి భయం కూడా అబద్ధం కాదు. కాని ఆ అమ్మాయి గుద్దు ఎక్కడి నుంచి వస్తుంది, పాదాలు ఎలా మారుస్తుంది, ఎదుటివాళ్ళను ఎలా దగ్గరకు రప్పించి కొడుతుంది, ఇవి తెలుసుకుందామని పత్రిక కొన్నవాడికి మళ్ళీ పెళ్ళిసంబంధాల దగ్గరే కూర్చోబెట్టినట్టవుతోంది.

అన్నిటికంటె నన్ను బాధపెట్టినది దీప్తి జీవన్‌జీ విషయం. వరంగల్ జిల్లా కల్లెడ పిల్ల. బుద్ధిమాంద్యం గలవారికి ప్రత్యేకించిన తరగతిలో 400 మీటర్లు పరుగెత్తుతుంది. 2024 మే నెలలో జపానులోని కోబేలో 55.07 సెకన్లలో పరుగు ముగించి ప్రపంచ రికార్డు నెలకొల్పింది. ఆ సెప్టెంబరులో పారిస్ పారాలింపిక్సులో 55.82 సెకన్లతో కంచు పతకం తెచ్చింది. ఆమె పుట్టినప్పుడు ముఖం చూసి ఊళ్ళో కొందరు అనరాని మాటలన్నారని, ఒక జంతువు పేరు పెట్టి పిలిచారని తల్లి పత్రికలవారితో చెప్పుకుంది. అది తల్లి కడుపులో దాచుకున్న దుఃఖం. చెప్పుకోవడం ఆమె హక్కు. విన్న విలేఖరి దానిని కథ మధ్యలో ఒకచోట వ్రాసినా తప్పు అనను. ఆ ఊరివాళ్ళ ప్రవర్తన నలుగురికీ తెలియవలసిందే. కాని కొందరు ఆ తిట్టునే తీసి పెద్ద అక్షరాలలో పైన పెట్టారు. ఊళ్ళో పదిమంది అన్న మాట లక్షలమంది ఇళ్ళకు వెళ్ళింది. ఒకప్పుడు వీధిలో వినిపించి ఆగిపోయిన మాట, ఆమె ప్రపంచ విజేత అయిన తరువాత ఆమె పేరు పక్కన అచ్చులో శాశ్వతంగా నిలిచిపోయింది. ఆ మాట నేను ఇక్కడ వ్రాయను. 55.07 అనే అంకె కోసం మాత్రం అటువంటి వ్యాసాలలో కిందికి వెతుక్కుంటూ పోవలసివచ్చింది.

మా గుమస్తాల లోకంలో ఒక పద్ధతి ఉంది. నోటు వ్రాసేటప్పుడు పైన 'విషయం' అని వ్రాసి గీత గీస్తాం. కింద వ్రాసేది ఆ విషయానికి చెందకపోతే పై అధికారి ఎర్రసిరాతో కొట్టివేస్తాడు. పత్రికా కార్యాలయాలలో కూడా ఎర్రసిరా ఉంటుందనే విన్నాను.

అలాగని రూపాన్ని గురించి అసలు వ్రాయకూడదని నా వాదం కాదు. ఆటంతా దేహంతోనే కదా. పి. వి. సింధు పొడుగు అయిదడుగుల పది అంగుళాలు. ఆ పొడుగు వల్ల షటిల్‌ను ఎత్తు మీదే అందుకుని కిందికి దించి కొట్టగలదు. ఆ పొడుగు వల్లనే నడుము దగ్గరకు సూటిగా వచ్చిన షటిల్ ఆమెను ఇబ్బంది పెడుతుంది. జపాను వనిత ఒకుహరా పొట్టి మనిషి. 2017లో గ్లాస్గోలో ప్రపంచ పోటీ చివరి ఆట ఈ పొడుగుకూ ఆ పొట్టికీ మధ్య 110 నిమిషాలు సాగింది. ఈమె కొట్టినదల్లా ఆమె నేలకు వంగి తీసింది. మూడవ గేము 22-20తో సింధు చేజారింది. రెండేళ్ళ తరువాత 2019లో బాసెల్‌లో అదే ఒకుహరాను 21-7, 21-7తో ఓడించి సింధు ప్రపంచ విజేత అయింది. ఈ రెండు ఆటలను గురించి వ్రాసేవారు ఇద్దరి ఎత్తులూ చెప్పకుండా వ్రాయలేరు, చెప్పాలి కూడా. నవ్వితే బుగ్గ సొట్టపడుతుందా లేదా అన్నది చెప్పకపోయినా ఆటకు లోటు రాదు.

హైదరాబాదులో పెరిగిన మిథాలీ రాజ్‌ను 2017లో ఒక ఫోటోలో చంకల దగ్గర చెమట మరక కనిపిస్తోందని ఎగతాళి చేస్తే, మైదానంలో ఆ చెమట ఓడ్చబట్టే ఇక్కడ నిలబడ్డానని అర్థం వచ్చేట్టు ఆమె జవాబిచ్చింది. దానితో ఆ సంగతి ముగిసింది.

విశాఖపట్నం అమ్మాయి జ్యోతి యర్రాజి మన రాజధాని భువనేశ్వర్‌లో సాధన చేసి పైకి వచ్చింది. ఆమెది 100 మీటర్ల హర్డిల్స్ పరుగు. పది అడ్డుకట్టెలు, ఒక్కొక్కటి రెండడుగుల తొమ్మిది అంగుళాల ఎత్తు, ఒకదానికొకటి ఎనిమిదిన్నర మీటర్ల ఎడం. ఆ ఎడంలో సరిగ్గా మూడంగలు వేయాలి. అంగ పొట్టిదయితే కట్టె తగులుతుంది, పొడుగయితే కాలు లేపడానికి చోటుండదు. 2023 అక్టోబరు 1న చైనాలోని హాంగ్‌జౌలో ఆసియా క్రీడల చివరి పరుగులో ఆమె పక్కన చైనాకు చెందిన వూ యన్నీ నిలబడింది. ఈ వూ యన్నీ ముస్తాబును, పచ్చబొట్లను, పరుగుకు ముందు చేతులతో చేసే విన్యాసాన్ని గురించి అక్కడి పత్రికలలో అప్పటికే ఎంతో వ్రాశారు. తుపాకి పేలకముందే ఆమె కదిలింది. ఆమె వెంట జ్యోతి కూడా కదిలిందని అధికారులు మొదట ఇద్దరినీ పొమ్మన్నారు. జ్యోతి పోలేదు. తాను ముందు కదలలేదని అక్కడే నిలబడి వాదించింది. చివరకు ఇద్దరినీ పరుగెత్తనిచ్చారు. జ్యోతి 12.91 సెకన్లలో మూడవదిగా వచ్చింది. పరుగు ముగిసిన తరువాత అధికారులు మళ్ళీ తెరమీద వేసి, ఎవరు ముందు కదిలారో చూసుకుని, వూ యన్నీని పోటీ నుంచి తొలగించారు. జ్యోతి కంచు పతకం వెండి పతకమయింది.